శ్వాసయంత్రం సాత్మ్యం కావాలి

మన ఇళ్లలో గురక ఒక పరిహాస విషయం. పెళ్లికి బంధువులు చేరినప్పుడు పెద్దాయన గురకను పిల్లలు అనుకరించి నవ్వడం, ఆయన పక్కన పడుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోవడం మనమందరం చూచినదే. "అదృష్టవంతుడు, పడుకోగానే నిద్ర పడుతుంది" అని మెచ్చుకునేవారు కూడా ఉంటారు. అయితే ఆ గురక మధ్యలో ఒక్కొక్కసారి అకస్మాత్తుగా నిశ్శబ్దం ఏర్పడుతుంది. కొన్ని క్షణాల తరువాత పెద్ద శబ్దంతో, ఉలికిపాటుతో శ్వాస మళ్లీ మొదలవుతుంది. ఇంటిల్లిపాదీ భయపడవలసినది ఆ నిశ్శబ్దానికే.

నిద్రలో కంఠమార్గం మూసుకొని కనీసం 10 సెకండ్లపాటు గాలి ఆడకపోవడాన్ని ఆధునిక వైద్యులు ఆప్నియా అంటున్నారు. శ్వాస పూర్తిగా ఆగడం, బాగా తగ్గిపోవడం, రెండూ కలిపి గంటకు 5 సార్లు దాటితే వ్యాధి ఉన్నట్టు, 15 దాటితే మధ్యమం, 30 దాటితే తీవ్రం అని లెక్క. ఈ వ్యాధికి నేడు ప్రపంచమంతటా ప్రధాన చికిత్సగా వాడుతున్నది సీప్యాప్ అనే శ్వాసయంత్రం. కరీంనగర్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాల నుండి నా వద్దకు వచ్చేవారిలో ఈ యంత్రాన్ని కొని, నాలుగు రాత్రులు వాడి, అటకమీద పెట్టినవారు తరచుగా కనబడుతున్నారు. వారందరి ప్రశ్న ఒక్కటే. "అయ్యగారూ, ఆ మిషను లేకుండ తగ్గే మందు మీ దగ్గర లేదా?"

ఆయుర్వేద పత్రికలో ఆయుర్వేద వైద్యుడు ఈ ప్రశ్నకు ఏమి జవాబు చెబుతాడో పాఠకులు ఊహించుకొనే ఉంటారు. నా జవాబు వారిని కొంత ఆశ్చర్యపరచవచ్చు. యంత్రాన్ని మానకండి, దానిని సాత్మ్యం చేసుకోండి అన్నదే నా అభిప్రాయం. ఈ మాట చెప్పడానికి శాస్త్రం నుండి కొంత, నా సొంత అనుభవం నుండి కొంత ఆధారం చూపుతాను.

శాస్త్రం ఎరుగని వ్యాధి కాదు

సుశ్రుతుడు సూత్రస్థానం 15వ అధ్యాయంలో అతిస్థూలుని పీడించే బాధలను లెక్కించాడు. క్షుద్రశ్వాస, దప్పిక, ఆకలి, అతినిద్ర, చెమట, శరీర దుర్గంధం మొదలైనవాటి నడుమ 'క్రథనం' అనే మాట ఉన్నది. హఠాత్తుగా ఉచ్ఛ్వాసం అడ్డుపడడమే క్రథనమని వ్యాఖ్యాతలు వివరించారు. మాధవనిదానంలో మేదోరోగ లక్షణాలలోనూ ఇదే మాట కనబడుతుంది. చరకుడు సూత్రస్థానం 21వ అధ్యాయంలో స్థౌల్యాన్నీ నిద్రనూ ఒకే చోట చర్చించాడు. దేహానికి ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం మూడు ఊతలని అంతకు ముందే 11వ అధ్యాయంలో చెప్పాడు. వాటిలో ఒక ఊత రాత్రికి వందసార్లు విరుగుతూ ఉంటే ఇల్లు ఎంతకాలం నిలుస్తుంది?

మంథనిలో గురువుగారి ఇంట ఉండి చదువుకున్న రోజులలో ఈ అధ్యాయాలను కంఠస్థం చేశాను. అయినా క్రథనం అనే మాటకు అర్థం నాకు పూర్తిగా తెలిసినది అరవయ్యవ పడిలో, నా కంఠంలోనే అది చేరిన తరువాత.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఈ వ్యాధి లావుగా ఉన్నవారికే వస్తుందనుకోవడం పొరపాటు. దవడ చిన్నదిగా ఉన్నవారికి, టాన్సిల్స్ పెరిగినవారికి, థైరాయిడ్ మందగించినవారికి, ముట్లుడిగిన స్త్రీలకు కూడా వస్తుంది. ఆడవారి గురకను ఇంటి గౌరవానికి లోటుగా భావించి దాచిపెట్టడం వలన వారి వ్యాధి బయటపడడం మరీ ఆలస్యమవుతున్నది.

యంత్రం చేసే పని

మెలకువలో ఉన్నప్పుడు కంఠంలోని కండరాలు బిగువుగా ఉండి దారిని తెరచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలుతాయి. నాలుక వెనుకకు జారుతుంది. కొందరిలో ఆ దారి గాలి తీసిన సైకిలు ట్యూబువలె అతుక్కుపోతుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గగానే మెదడు తట్టి లేపుతుంది. రోగికి మెలకువ వచ్చిన సంగతి గుర్తుండదు గాని నిద్ర మాత్రం ముక్కలవుతుంది. తెల్లవారి తలనొప్పి, పగటి కునికిపాట్లు, చిరాకు, మతిమరుపు, లొంగని రక్తపోటు, రాత్రి పలుమార్లు మూత్రానికి లేవడం దాని ఫలితాలు.

సీప్యాప్ యంత్రం ప్రాణవాయువును తయారుచేయదు. గదిలోని గాలినే కొద్దిపాటి ఒత్తిడితో గొట్టం ద్వారా, మాస్కు ద్వారా ముక్కులోకి పంపుతుంది. ఆ ఒత్తిడి 4 మొదలు 20 సెంటీమీటర్ల నీటిమట్టంతో సమానం. ట్యూబులో గాలి నింపితే అది ఎలా విచ్చుకొని నిలుస్తుందో, కంఠమార్గం కూడా అలాగే తెరచుకొని ఉంటుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో కాలిన్ సలివన్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి ఈ పద్ధతిని ఐదుగురు రోగులపై ప్రయోగించి, 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. అంతకు ముందు తీవ్రంగా బాధపడేవారికి మెడవద్ద శ్వాసనాళానికి రంధ్రం చేయడమే ముఖ్య మార్గంగా ఉండేది. ఆ సంగతి తలచుకుంటే మాస్కు ఎంత సులువైన చికిత్సో తెలుస్తుంది.

ఇది కళ్లద్దాల వంటిది. పెట్టుకున్నంతసేపే పనిచేస్తుంది. నెల రోజులు వాడితే వ్యాధి పోతుందని ఎవరూ ఆశపడరాదు.

నేను దాచిన సంగతి

ఆరేళ్ల క్రితం ఒక తెల్లవారుజామున నా ధర్మపత్ని నన్ను లేపి కూర్చోబెట్టింది. "మీ ఊపిరి ఆగుతున్నదండీ. నేను లెక్కపెట్టిన, ఇరువై దాకా వచ్చింది" అన్నది. నేను కఫప్రకోపమని చెప్పి కొట్టివేశాను. వైద్యుడు తనకు తాను వైద్యం చేసుకునేటప్పుడు రోగికన్నా మొండివాడవుతాడు. చివరకు పిల్లల బలవంతం మీద ఊపిరితిత్తుల నిపుణుని వద్ద నిద్ర పరీక్ష చేయించుకుంటే గంటకు 38 సార్లు అని తేలింది. యంత్రం ఇంటికి వచ్చింది.

మొదటి రాత్రి అరగంటకే తీసివేశాను. రెండవ రాత్రి నిద్రలో తెలియకుండానే పీకి పారేశాను. దానికన్నా పెద్ద బాధ సిగ్గు. పదిమందికి నస్యం, కషాయం ఇచ్చే చేతితో ఈ గొట్టం పట్టుకోవడమా? ఉదయం రోగులు రాకముందే దానిని బీరువాలో గ్రంథాల వెనుక పెట్టి తాళం వేసేవాడిని. అలా నాలుగు నెలలు దాచాను.

ఆ రోజులలోనే మంచిర్యాల వైపు నుండి బొగ్గుగనిలో పనిచేసే ఒక మధ్యవయస్కుడు వచ్చాడు. "అది పెట్టుకుంటే బండి మీద ఎదురుగాలికి మొఖం పెట్టినట్టున్నదయ్యగారూ. ఊపిరి తీసుకోవచ్చు గాని వదల వస్తలేదు. మీరేదన్న మందియ్యండ్రి, దాన్ని అమ్మేస్త" అన్నాడు. నేను మేదోహర గుగ్గులు ఇచ్చాను, పథ్యం చెప్పాను. యంత్రం గురించి ఒక్క మాట మాట్లాడలేదు. నా మౌనాన్ని ఆయన అనుమతిగా తీసుకున్నాడు. రెండు నెలల తరువాత చేతికి పట్టీతో వచ్చాడు. రాత్రి షిఫ్టు ముగించుకొని ఇంటికి వస్తూ స్కూటరు మీద కునుకుపట్టి పడిపోయాడట. ఎదురుగా లారీ రాకపోవడం ఆయన ఇల్లాలి పసుపుకుంకుమల బలం.

ఆ రోజు లోపలికి వెళ్లి, బీరువా తెరచి, నా మాస్కు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "ఇది నాదే" అన్నాను. ఆయన దానిని, నన్ను మార్చి మార్చి చూచి, "మీరు గూడనా అయ్యగారూ!" అన్నాడు. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి కూర్చొని దానిని ఎలా ధరించాలో నేర్చుకున్నాము. నేను మాట్లాడవలసినది రెండు నెలల ముందు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

పాదాంశిక క్రమం

అలవాటు లేనిదానిని ఒక్కసారిగా మీద వేసుకోరాదని, హితమైనదానినైనా పావువంతు చొప్పున పెంచుతూ, నడుమ ఒకటి, రెండు, మూడు రోజుల వ్యవధి ఇస్తూ అలవరచుకోవాలని చరకుడు సూత్రస్థానం 7వ అధ్యాయంలో చెప్పాడు. దీనినే పాదాంశిక క్రమం అంటాము. ఇది ఆహారవిహారాలకు చెప్పినదే గాని శ్వాసయంత్రానికి కూడా చక్కగా సరిపోతుంది. నేను ఆచరించిన క్రమం ఇది.

మొదటి పాదం: సాయంకాలం కుర్చీలో కూర్చొని, పట్టీలు కట్టుకోకుండా మాస్కును చేతితో ముక్కుకు ఆనించి, యంత్రాన్ని తక్కువ ఒత్తిడిలో నడపాలి. పేపరు చదువుతూనో, పాటలు వింటూనో పావుగంట గడపాలి. నోరు మూసి ముక్కుతోనే శ్వాసించాలి. గాలితో పోట్లాడరాదు. ప్రాణాయామంలో రేచకం చేసినట్టు మెల్లగా, దీర్ఘంగా వదలాలి.

రెండవ పాదం: పట్టీలు కట్టుకొని, మెలకువతోనే పక్కమీద అరగంట పడుకోవాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు గొట్టాన్ని తానే ఊడదీయగలగడం నేర్చుకోవాలి. తీయగలనన్న ధైర్యం ఉంటే ముఖం కట్టివేసినట్టుండే భయం సగం తగ్గుతుంది.

మూడవ పాదం: దానితోనే నిద్రకు ఉపక్రమించాలి. తక్కువ ఒత్తిడితో మొదలై క్రమంగా పెరిగే ఏర్పాటు చాలా యంత్రాలలో ఉన్నది. దానిని వాడుకోవాలి. నడిరాత్రి సహించలేకపోతే తీసి, లేచి కూర్చొని, నీళ్లు తాగి, పావుగంట తరువాత మళ్లీ ధరించాలి. ఆ రాత్రికి చాలు అని వదిలివేయరాదు.

నాలుగవ పాదం: రాత్రంతా, ప్రతి రాత్రి. పగలు కునుకు తీసినా యంత్రంతోనే. షిఫ్టు పనివారికి పగటి నిద్రే అసలు నిద్ర కాబట్టి వారు ఇది మరువరాదు.

ఈ క్రమం పది పదిహేను రోజులలో ముగియాలి. తొలి వారంలో పడిన అలవాటే తరువాత నిలుస్తుందని పరిశోధకులు గమనించారు. వ్యాధి తీవ్రంగా ఉన్నవారు, హృద్రోగులు, వాహనాలు నడిపేవారు తమ వైద్యుని అడిగి ఇంకా త్వరగా ముగించాలి. అంతవరకు బండి నడపరాదు. రాజీవ్ రహదారి మీద రాత్రి ప్రయాణం కునికిపాట్లవారికి తగదు.

ఎన్ని గంటలు వాడుతున్నామన్నది చిన్న విషయం కాదు. 2016లో వెలువడిన ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనంలో గుండెజబ్బో పక్షవాతమో వచ్చిన 2,700 మందికి పైగా పాల్గొన్నారు. యంత్రం ఇచ్చినవారు సగటున రాత్రికి 3.3 గంటలే వాడారు. వారికి పగటి మత్తు తగ్గింది, మనసు తేలికపడింది. గుండెపోటు, పక్షవాతం మాత్రం తగ్గలేదు. వాడిన గంటలు చాలకపోవడం ఒక కారణం కావచ్చునని వైద్యలోకం చర్చించింది. అర్ధరాత్రి తీసి పక్కన పెట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంట్లో తెలుసుకోవలసినవి

మన ప్రాంతపు చలి, ఎండ రెండూ తీవ్రమైనవే. ఆదిలాబాద్ వైపు చలికాలంలో ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు లోపు పడిపోతుంది. అప్పుడు యంత్రంలోని తేమ గొట్టంలో నీటిబొట్లుగా మారి గుడగుడలాడుతుంది, ముక్కుమీద చిమ్ముతుంది. యంత్రాన్ని మంచంకన్నా తక్కువ ఎత్తులో పెట్టి, గొట్టానికి ఉన్నిబట్ట చుడితే ఈ బాధ ఉండదు. రామగుండం, కరీంనగర్ ఎండలలో ముక్కు, గొంతు ఎండిపోతాయి. అప్పుడు తేమ పెంచుకోవాలి. తేమపాత్రలో డిస్టిల్డ్ నీరు మాత్రమే పోసి, ప్రతి ఉదయం మిగిలినది పారబోసి ఆరబెట్టాలి.

గృహవైద్యంలో అభిరుచి ఉన్న మన పాఠకులకు ఇక్కడ ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. ఆ నీటిలో నీలగిరి తైలం, కర్పూరం, వాముపువ్వు, తులసిరసం, పసుపు వంటివి ఏవీ వేయరాదు. ఆవిరి పట్టడం వేరు, రాత్రంతా ఒత్తిడితో ఊపిరితిత్తులలోకి పంపడం వేరు. అణుతైలం వంటి నస్యం చేసుకునేవారు ఉదయం పూట, వైద్యుని సలహాతోనే చేయాలి. ముక్కులో నూనె వేసుకొని వెంటనే మాస్కు ధరిస్తే ఆ నూనె ఊపిరితిత్తులకు చేరవచ్చు, మాస్కు కూడా చెడిపోతుంది. పడకగదిలో అగరుధూపం, దోమల చక్రం వెలిగించరాదు. గదిలో ఉన్న పొగనే యంత్రం మీకు అందిస్తుంది. దోమతెర కట్టుకోవడం మేలు. మాస్కును రోజూ తడిబట్టతో తుడిచి, వారానికొకసారి గొట్టంతోపాటు సబ్బునీటితో కడిగి నీడలో ఆరవేయాలి. దుమ్ము ఎక్కువగా ఉండే గనుల ప్రాంతంవారు గాలి వడపోత గుడ్డను తరచుగా చూచుకోవాలి.

నోరు ఎండిపోతుంటే నిద్రలో నోరు తెరుచుకుంటున్నదని అర్థం. నోటిని కూడా కప్పే మాస్కు అడగాలి. గాలి కడుపులోకి పోయి ఉబ్బరం కలిగితే జీలకర్ర నీళ్లతో సరిపెట్టుకోక ఒత్తిడి సవరించమని వైద్యుని కోరాలి. ముక్కుదిబ్బడ ఉన్నవారు ముందు దానికి చికిత్స చేయించుకోవాలి. ఒకరికి సరిపోయిన మాస్కు మరొకరికి సరిపోదు. ముక్కు వాతపడేలా పట్టీలు బిగించడంకన్నా వేరే కొలత తీసుకోవడం మంచిది.

అమెరికా నుండి పిల్లలు పంపినదనో, బంధువు వాడి వదిలినదనో పాత యంత్రాన్ని ధరించేవారు మన పట్టణాలలో ఉన్నారు. ఒత్తిడిని నిర్ణయించేది వైద్యుడు, బంధువు కాదు. లోపలి నురుగు పొర శిథిలమై శ్వాసలో చేరవచ్చునన్న కారణంతో 2021 జూన్‌లో ఒక పెద్ద తయారీసంస్థ లక్షలాది యంత్రాలను వెనక్కు పిలిపించినది. అందువలన వాడినదానిని విచారించకుండా తీసుకోరాదు. కరెంటు పోయే ఊళ్లవారు ఇన్వర్టరు ఏర్పాటు చేసుకోవాలి.

మరి ఆయుర్వేదం పని ఏమిటి?

చాలా ఉన్నది. యంత్రం కంఠాన్ని తెరుస్తుంది గాని మేదస్సును కరిగించదు. అది మన పని. మన తాతలు తిన్న జొన్నరొట్టె, మక్కగటుక రాత్రి అన్నం కుప్పకన్నా మేలైనవి. రాత్రి పెరుగు మానాలి. భోజనం నిద్రకు మూడు గంటల ముందే ముగించాలి. ఉలవపిండితో ఉద్వర్తనం, రోజూ చెమట పట్టే నడక మేదోరోగికి హితం. కఫప్రకృతివారు, స్థూలకాయులు పగటినిద్ర మానాలని చరకుడు విధించాడు. వెల్లకిల పడుకోక పక్కకు తిరిగి పడుకోవాలి. సారా, కల్లు కంఠ కండరాలను మరింత సడలిస్తాయి. వైద్యుడు చెప్పని నిద్రమాత్రలు అంతకన్నా ప్రమాదం.

శంఖం ఊదడం గురించి కూడా అడుగుతున్నారు. జైపూర్‌లో 30 మంది మధ్యమస్థాయి రోగులపై జరిగిన అధ్యయనం 2025లో వెలువడినది. ఆరు నెలలు శంఖం సాధన చేసినవారికి పగటి మత్తు 34 శాతం తగ్గిందని, శ్వాస ఆగడం గంటకు నాలుగైదు సార్లు తగ్గిందని చెప్పారు. సంతోషించదగినదే. కాని 38 సార్లలో నాలుగైదు తగ్గితే మిగిలినవాటి సంగతి? నేను రోజూ శంఖం ఊదుతాను, రాత్రి మాస్కూ ధరిస్తాను. బరువు బాగా తగ్గినవారు మళ్లీ నిద్ర పరీక్ష చేయించుకొని, వైద్యుడు చెబితేనే యంత్రం మానాలి. గురక తగ్గినంత మాత్రాన వ్యాధి తగ్గినట్టు కాదు.

సింహాసనం (1986), గ్యాంగ్ లీడర్ (1991) చిత్రాల పాటలతో తెలుగువారికి పరిచితుడైన సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరి 15న ముంబయిలో 69వ ఏట కన్నుమూశారు. మరణానికి ఆప్నియా కారణమని ఆయనకు చికిత్స చేసిన వైద్యులు తెలిపారు. ఆనాడు ఈ వ్యాధి పేరు ఇంటింటా వినబడినది, త్వరలోనే మరచిపోయాము.

నా తోటి వైద్యులకు ఒక మాట. రోగి మన వద్దకు వచ్చి యంత్రం మానుతానన్నప్పుడు మనం మౌనంగా ఉండడం కూడా ఒక మందు ఇవ్వడమే, అది అపథ్యమైన మందు. యంత్రాలు అమ్మేవారికీ, రాసిచ్చే వైద్యులకూ మరొక మాట. వేల రూపాయలు తీసుకొని, ఒక్కసారి ముఖానికి కట్టి చూపి, దండం పెట్టి పంపివేయడం న్యాయం కాదు. మొదటి నెలలో రెండు మూడుసార్లయినా పిలిచి బాగోగులు విచారించాలి. అటకలెక్కిన యంత్రాలలో చాలావరకు ఈ ఒక్క లోపం వల్లనే ఎక్కినవని నా నమ్మకం.

ఇల్లాళ్లకు చివరి మనవి. మీవారి గురకలో నిశ్శబ్దం వినబడితే లెక్కపెట్టండి, మరునాడు పరీక్షకు పంపండి. మీ గురకను కూడా దాచకండి. ఇంట్లో మాస్కు ధరించినవారిని చూచి పిల్లలు నవ్వితే, తాతగారు ఊపిరి తీసుకుంటున్నారని చెప్పండి. మా ఇంట్లో ఇప్పుడు బీరువాకు తాళం లేదు. యంత్రం మంచం పక్కన పీటమీద, అందరికీ కనబడేటట్టు ఉన్నది.